ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాచుకున్న సొంత పాస్‌వర్డ్‌లు

అమెరికాలోనో లండన్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి ఆఫీసు ల్యాప్‌టాపే సొంత కంప్యూటర్ కూడా. ఎన్‌ఆర్‌ఈ బ్యాంకు ఖాతా, వీసా ఖాతా, ఊళ్లో అమ్మానాన్నల కరెంటు బిల్లు, అన్నిటి పాస్‌వర్డ్‌లూ అందులోని క్రోమ్‌లోనే ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ పడితే కంపెనీ ఫైళ్లే పోతాయనుకుంటాం. క్విలిన్ అనే ర్యాన్సమ్‌వేర్ ముఠా ఒక దాడిలో వాటి జోలికి వెళ్లకముందే ఈ పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయింది.

2024లో సైబర్ భద్రతా సంస్థ సోఫోస్ పరిశీలించిన దాడి ఇది. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే వీపీఎన్‌కు రెండో అంచె ధ్రువీకరణ లేదు; చేజిక్కిన పాస్‌వర్డ్‌తో అందులోకి దూరారు. 18 రోజులు అలికిడి లేదు. తర్వాత ఆఫీసు కంప్యూటర్ల లాగిన్‌లన్నీ చూసే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్ చేరి, ఆ కంప్యూటర్లన్నిటికీ వర్తించే డిఫాల్ట్ డొమైన్ పాలసీలో లాగిన్ అయినప్పుడల్లా నడిచేలా రెండు స్క్రిప్టులు పెట్టారు. అందులో విండోస్ కమాండ్ భాష పవర్‌షెల్‌లో రాసినది 19 లైన్లే. పేరు ఐపీ స్కానర్, పని క్రోమ్ పాస్‌వర్డ్‌లు ఏరడం. ఏరినవన్నీ డొమైన్ కంట్రోలర్‌లోని ఉమ్మడి ఫోల్డర్ సిస్‌వాల్ షేర్‌లో ఒక్కో యంత్రం పేరుతో ఒక్కో ఫోల్డర్‌లో పడ్డాయి. మూడు రోజులకు పైగా ఇలా సాగాక ఆ ఫైళ్లు బయటికి తరలించి, ఇక్కడివి తుడిచి, యంత్రాల్లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ లాగ్‌లు చెరిపి, అప్పుడు ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టారు.

లాగిన్ సమయమే ఎందుకంటే, అప్పట్లో క్రోమ్ పాస్‌వర్డ్‌ల తాళంచెవిని విండోస్‌లోని రహస్యాలు దాచే సదుపాయం డీపీఏపీఐ ఆ యూజర్ ఖాతాకే ముడిపెట్టేది. యూజర్ పేరు మీద నడిచే స్క్రిప్టుకు ఆ తాళం ఇట్టే తెరుచుకునేది.

అందుకే ఇలాంటి స్క్రిప్టు శాంపిల్‌ను పరిశీలించేవాళ్లు డొమైన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లో) లేని ఒంటరి వర్చువల్ మెషీన్‌లో నడిపితే అసలు పని కనిపించదు. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఒక డొమైన్ కంట్రోలర్, ఒక క్లయింట్ పెట్టి, క్రోమ్‌లో ఉత్తుత్తి పాస్‌వర్డ్‌లు దాచి, యూజర్‌గా లాగిన్ అవ్వాలి. లాగ్‌లలో పాలసీ మార్పుకు ఈవెంట్ నంబరు 5136, సెక్యూరిటీ లాగ్ చెరిపివేతకు 1102 చూడాలి. 5136కు ఆడిటింగ్ ముందే ఆన్ చేసి ఉండాలి. లాగ్‌లు ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కు వెళ్లకపోతే చూడ్డానికి ఏమీ మిగలదు.

దాడి తర్వాత కంపెనీ సాధారణంగా మార్పించేది డొమైన్ పాస్‌వర్డ్‌లనే, అంటే ఆఫీసు లాగిన్‌లవి. మన బ్యాంకు సంగతి వాళ్లకు పట్టదు, తెలియదు కూడా. ఆఫీసు క్రోమ్‌లో సొంత గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకున్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ, ఇంటి ఫోన్‌లో దాచినవి కూడా ఇక్కడికి దిగిపోతాయి. వేరే శుభ్రమైన యంత్రం నుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే విదేశాల్లో ఉన్నవాళ్లకు కొన్ని బ్యాంకులు ఓటీపీని ఈమెయిల్‌కే పంపుతాయి. తర్వాత ఎన్‌ఆర్‌ఈ, ఆ తర్వాత వీసా ఖాతా. ప్రతిచోటా అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి; కొన్ని సైట్లలో పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్ బతికే ఉంటుంది.