తాడ్వాయి అడవిలో ఫైర్ లైన్ పని: నా అనుభవం

ములుగు జిల్లాలో తాడ్వాయి అడవి ఉన్న ఏటూరునాగారం అభయారణ్యం 1953లో ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు 806 చదరపు కిలోమీటర్లు. మేడారం జాతరకు పోతూ బస్సులోంచి ఈ అడవిని చూసినవారు లక్షల్లో ఉంటారు గాని, మంటలు పాకకుండా ఎండలు ముదరకముందు దాని లోపల జరిగే ఫైర్ లైన్ పనిని చూసినవారు చాలా తక్కువ. హనుమకొండలో నేను పనిచేసే కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులను ఆ పనికి తీసుకువెళ్లడానికి నేను పూనుకున్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు పడితే వారు వెళ్లడానికి వీల్లేదు. అధ్యయనం, ఫొటోలు, పర్యాటకం వంటి కారణాలకు 28వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. మా కోరిక ఈ జాబితాలో ఎక్కడా సరిగా ఇమడలేదు. ఒకచోట పర్యాటకుల రుసుము కట్టమన్నారు, మరొకచోట పైనుంచి ఉత్తర్వు తెమ్మన్నారు. మా దరఖాస్తు బల్లలు మారుతుండగానే జనవరి గడిచిపోయింది. చివరికి విద్యార్థుల జాబితా, ఆధార్ నకళ్లు, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు జతచేసి, ఆ భాగం అడవిని చూసుకునే అటవీ ఉద్యోగి అయిన బీట్ ఆఫీసర్ వెంట తప్ప ఎక్కడికీ కదలబోమని, అగ్గిపెట్టె గాని ప్లాస్టిక్ గాని తేబోమని హామీ రాసిచ్చాక సిబ్బందికి తోడుగా పనిచేయనిచ్చారు. ఆ హామీ పత్రం నాకు అన్నింటికంటే సబబుగా తోచింది.

ఫైర్ లైన్ అంటే అడవి మధ్య బండ్లబాటలా నేల కనిపించేదాకా ఆకును తీసివేసిన పట్టీ. ఒకవైపు అంటుకున్న మంట దానిని దాటి రెండోవైపుకు పాకకూడదు. అడవిని కాపలా కాసే వాచర్ల దగ్గర ఆకును ఎగదోసే బ్లోయర్ ఒకటి ఉంది గాని, రాళ్ల సందుల్లోకి, వెదురు పొదల మొదళ్లలోకి అది పనికిరాదు, అక్కడ పొరకలే దిక్కు. టేకాకు పైన గలగలలాడుతున్నా అడుగున ముద్దగా అతుక్కుని ఉంటుంది; పైపైన ఊడ్చి ముందుకు సాగుతున్న మా పిల్లలను ఒక వాచర్ ఆపి, "అడుగుదాకా తియ్యాలె సార్, ఇంత ఆకు మిగిలినా అగ్గి అవుతలికి దాటుతది" అంటూ కాలి వేలితో గీరి చూపించాడు. చేసిన పట్టీని మళ్లీ మొదటినుంచి ఊడ్చాము.

ఈ మంటల్లో చాలావరకు మనుషుల వల్ల పుట్టేవే. ఇప్పపూలు రాలే రోజుల్లో పువ్వు కనిపించడానికి చెట్టు కింద ఆకును కాల్చే అలవాటు ఉంది. తాగి పారేసిన బీడీ సంగతి చెప్పనే అక్కరలేదు. పూలు ఏరుకునేవారిని నేరస్థులుగా చూడడం నాకు నచ్చదు, ఎందుకంటే వారికి అది తిండి, ఆదాయం రెండూను. చెట్ల కింద పరచడానికి వలలు ఇస్తే కాల్చవలసిన అవసరమే ఉండదు. మంట రేగితే ఉపగ్రహం పసిగట్టిన సమాచారం భారత అటవీ సర్వే ద్వారా సిబ్బంది ఫోన్లకు చేరుతుంది గాని, ఆ చోటికి వాగులు దాటి నడిచి, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పవలసింది మాత్రం మనుషులే.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు కూలిపోయాయి. అలా పడి ఎండిన కలప ఉన్నచోట మంట త్వరగా ఆరదు గనుక, ఆకు ఊడ్చే పనికి ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ చేతులు కావాలి. రాదలచిన కళాశాలలు నవంబరులోనే దరఖాస్తు పెట్టుకోవాలి; ఫిబ్రవరి దాటాక అనుమతి వచ్చినా, అప్పటికి సిబ్బంది మంటల వెంట పరుగెత్తుతుంటారు, కొత్తవారికి పని చూపే తీరిక వారికి ఉండదు.