ఒకటిన్నర జీబీ మిగిలింది

కెమెరా నొక్కాను. తెర నల్లగా అలాగే ఉండిపోయింది. పాప మొదటిసారి తనంతట తాను నిలబడింది, ఊగింది, చతికిలబడింది కూడా. అప్పుడు తెరుచుకుంది మహాతల్లి!

సెట్టింగ్స్‌లో చూస్తే 128 జీబీలో మిగిలింది ఒకటిన్నర.

ఫోన్ ముసలిదైపోయిందని ఇన్నాళ్లూ తిట్టుకున్నా. పాపం, దాని తప్పేం లేదు. ఫోన్‌లో ఫోటోలు, వీడియోలు దాచుకునే ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు, ఒక బ్లాక్ (అంటే ఒక పెద్ద ముక్క) మొత్తం చెరిపితేనే చోటు. ఖాళీ బ్లాకులు లేకపోతే ఉన్న సరుకునే అటూ ఇటూ సర్దుకుంటూ కూర్చుంటుంది. మనం నొక్కింది ఆగుతుంది.

గుడ్‌మార్నింగ్ వీడియోలే 19 జీబీ! ఎవరు పంపారో చెప్పను, ఇంట్లో గొడవలెందుకు. అవి తీసేశాక కెమెరా టక్కున తెరుచుకుంటోంది.

పాప మాత్రం మళ్లీ నిలబడనంటోంది.