1873 నాటి పాటకి కాపీరైట్ క్లెయిమ్: నా అనుభవం

ఇవాళ పొద్దున మెయిల్ వచ్చింది, క్లెయిమ్ వెనక్కి తీసుకున్నారట. సారీ లేదు, కారణం లేదు. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పాట ‘బ్లెస్డ్ అష్యూరెన్స్’, చర్చిల్లో పాడే పాత ఇంగ్లీషు భక్తిగీతం. మాటల్లేకుండా కీబోర్డు మీద నేనే వాయించి, వీడియో సైట్లో పెట్టాను. కాసేపటికే ‘ఈ బాణీ మాది’ అంటూ ఏదో మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్. యాడ్ల డబ్బు వస్తే వాళ్లకే పోతుంది. నాకు వచ్చేదే లేదు కాబట్టి ఆ బాధ లేదు.

బాధల్లా మా క్వయర్ (చర్చి గాయక బృందం) వాట్సాప్ గ్రూపుతోనే. క్లెయిమ్ సంగతి చెప్పగానే ఒక పెద్దాయన, “ఎవరిదో ట్రాక్ పెట్టి పైన చేతులు ఆడించి ఉంటావులేమ్మా, ఇప్పుడందరూ అదే పని” అని రాశారు. చిన్నప్పటి నుంచి నా వాయింపు విన్న మనిషి! కింద ఇంకొకరి నవ్వు బొమ్మ. “నేనే వాయించాను అంకుల్” అని టైప్ చేసి చెరిపేశాను. తల కొట్టేసినట్టయింది.

ఇక పంతం పట్టాను. క్లెయిమ్ తప్పని చెప్పే డిస్ప్యూట్ ఫారంలో ‘పబ్లిక్ డొమైన్’ (హక్కుల గడువు తీరి అందరిదీ అయినది) ఎంచుకుని రాశాను: సాహిత్యం ఫ్యానీ క్రాస్బీ, మరణం 1915. బాణీ ఫీబీ నాప్, మరణం 1908. పాట వెలువడింది 1873లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు. వాయించింది నేనే.

అవతలివాళ్లకి 30 రోజుల గడువు ఉంటుంది. దాదాపు అంతా వాడుకుని ‘తిరస్కరించాం’ అన్నారు. ఎందుకో చెప్పలేదు. అప్పీలు చేద్దామంటే, ఓడితే నా ఛానెల్ మీద స్ట్రైక్ (కాపీరైట్ తప్పు చేశానన్న మచ్చ) పడొచ్చని హెచ్చరిక, పైగా పూర్తి పేరూ అడ్రసూ ఇవ్వాలి. ఆ బటన్ నొక్కేముందు పడ్డ టెన్షన్ పరీక్షలప్పుడు కూడా పడలేదు. పాత పాటని ఎవరైనా రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ వరకే వాళ్లది. సైట్లో పాటల్ని పోల్చిచూసే యంత్రం మాత్రం బాణీ కలిస్తే చాలు, మొత్తం వాళ్లదే అనుకుంటుంది.

క్రాస్బీ పసితనంలోనే చూపు పోయిన మనిషి. 8,000కు పైగా పాటలు రాసింది. పబ్లిషర్లు పాటకి ఒకటో రెండో డాలర్లు చేతిలో పెట్టి హక్కులు తమ దగ్గరే ఉంచుకునేవారు. పాటల పుస్తకం నిండా ఒక్కరి పేరే ఉంటే బాగోదని ఆవిడ పాటలకి మారుపేర్లు కూడా వేసేవారు. బతికుండగా అలా లాక్కున్నారు. పోయి వందేళ్లు దాటాక ఈ కంపెనీ వసూలుకి బయల్దేరింది!

మీకూ క్లెయిమ్ వస్తే ‘దేవుని పాట, అందరిదీ’ అని మాత్రం రాయకండి, ఎవరికీ పట్టదు. పేర్లు, సంవత్సరాలు రాయండి. తెలుగులో పాడితే అనువాదకుల హక్కు వేరే చూసుకోవాలి. రెడీమేడ్ ట్రాక్ వాడితే దాని హక్కు ఇంకోటి.

గ్రూపులో మెయిల్ స్క్రీన్‌షాట్ పెట్టాను. పెద్దాయన చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

తర్వాత ‘హౌ గ్రేట్ దౌ ఆర్ట్’ వాయించమని కొందరు అడుగుతున్నారు. స్వీడిష్ మూలం 1885 నాటిదే అయినా, ఇంగ్లీషు పాట రాసిన స్టూవర్ట్ హైన్ పోయింది 1989లో. లైసెన్స్ లేకుండా దాని జోలికి పోను.