రాతి బడి గోడకు సిమెంటు పూయకండి

రాయలసీమ పల్లెల్లో రాతి గోడలు, చవుడు మిద్దె (దూలాల మీద చవుడు మట్టి పరిచిన చదునైన కప్పు) ఉన్న పాత బడి గదులు ఇంకా కొన్నిచోట్ల నిలిచే ఉన్నాయి. పక్కన స్లాబు భవనం లేవగానే పాత గది విరిగిన బెంచీల కొట్టు అవుతుంది, ఆ తర్వాత ‘శిథిలం’ అని రాసి కూలగొడతారు. చాలా గోడలకు చేటు వయసు వల్ల రాలేదు, మనం చేసిన మరమ్మతు వల్ల వచ్చింది.

ఈ ప్రాంతంలో బడికి సొంత గోడలు ఆలస్యంగానే వచ్చాయి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా బడుల లెక్క అడిగితే, మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులున్నాయని రాశాడు. ఇప్పటి అనంతపురం, ఆదోని వైపు ఊళ్లు అప్పట్లో ఆ జిల్లాలోవే. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, అరుగే బడి. 1884 లోకల్ బోర్డుల చట్టం, 1920 ప్రాథమిక విద్యా చట్టం వచ్చాక బోర్డుల ఖర్చుతో గదులు లేవడం పెరిగింది. ఏ ఊరి రాయి ఆ ఊరి బడికి: అనంతపురం వైపు గ్రానైటు, కడప, కర్నూలు వైపు పొరలు పొరలుగా లేచే నాపరాయి.

ఆ గోడ ఒకే ముద్ద కాదు. లోపలొక వరస, బయటొక వరస రాళ్లు పేర్చి, నడుమ మట్టి, సున్నం, రాతిముక్కలు కూరిన గోడ. రెండు వరసలనూ కలిపి పట్టి ఉంచేవి ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పడుకోబెట్టిన పొడవాటి రాళ్లు. అర చదరపు మీటరుకు ఒకటైనా ఉండాలి. అవి తక్కువైన చోట నడిమి మట్టి తడిసి జారి, గోడకు పొట్ట వస్తుంది. పొట్ట వచ్చిన గోడను పైపూతతో ఎవరూ నిలపలేరు. ఆ మేరకు రాళ్లకు సుద్దతో నంబర్లు వేసి, ఫోటోలు తీసి, విప్పి మళ్లీ కట్టాల్సిందే. నాపరాయి పొరలు మాత్రం అడ్డంగా పడుకునేలా పెట్టాలి, నిలబెడితే పొర ఊడిపోతుంది.

సిమెంటు చేసే హాని ఇది. నేలలోంచి ఎక్కిన చెమ్మ రాళ్ల మధ్య సున్నపు సందుల గుండా బయటికి ఆరిపోయేది. సందులు సిమెంటుతో మూసేస్తే దానికి రాయే దారి. నీరు ఆవిరై పోతుంది, అందులోని ఉప్పు రాతిలో పేరుకుని పై పెచ్చును ఊడదోస్తుంది. గ్రానైటు తట్టుకుంటుంది కానీ, దాని వెనకున్న మట్టి తడిసి మెత్తబడుతుంది. ఎనామిల్ పెయింటు చేసేదీ ఇంతే.

అందుకే పని గోడ దగ్గర కాదు, నీటి దగ్గర మొదలుపెట్టాలి. ఏటేటా మట్టి తోలి, సిమెంటు రోడ్డు వేసి, చాలా ఊళ్లలో బడి పునాది అరుగును పూడ్చేశారు. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం అర అడుగు కిందికి దిగాలి. తర్వాత మిద్దె. చవుడులోని సోడియం వల్ల దాని బంకమట్టి వానకు ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీరు దిగదు. వానలకు ముందు పాత పైపొర గీకేసి, ఆ తర్వాతే కొత్త చవుడు పలచగా పరచాలి. గీకకుండా ఏటా పోస్తూ పోతే దూలాలు వంగుతాయి. కారుతోందని పైన 4 అంగుళాల కాంక్రీటు వేయడం అన్నిటికంటే ప్రమాదం: 20 అడుగులు, 30 అడుగుల గది మీద అది ఇంచుమించు 13 టన్నుల బరువు. గోడలో దూరిన దూలం తలలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, మొదట కుళ్లేది అక్కడే. కొత్త తల అతికితే చుట్టూ గాలాడే సందు వదలండి.

గోడ రాళ్ల సందులు నింపడానికి కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. ఉడికి ఎగిరితే కళ్లు పోతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు నానబెట్టాలి. సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. గానుగలో కాని, మర యంత్రంలో కాని బాగా నూరాలి. పాతవాళ్లు ఇలా నూరిన డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు.

సందును చేత్తో ఉలి పట్టి, వెడల్పుకు రెట్టింపు లోతు, తక్కువలో తక్కువ ఒక అంగుళం తవ్వాలి. గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి. దుమ్ము కడిగి తడిపి, అర అంగుళం మించని పొరలుగా కుక్కాలి. వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. ఎండకు త్వరగా ఆరితే సున్నం పొడిగా రాలిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం.

నల్లరేగడిలో కట్టిన బడికి పగుళ్లుంటే పూడ్చడానికి తొందరపడొద్దు. పగులుకు అటూ ఇటూ పెన్సిలు గీతలు గీసి, తేదీ వేసి, ఒక వాన, ఒక వేసవి కొలవండి. వేసవిలో విచ్చి వానల్లో మూసుకుంటే కదులుతున్నది పునాది కింది నేల. గోడలో మొలిచిన రావి మొక్కను పీకకండి, రాయి ఊడి వస్తుంది. కాండాన్ని మొదలు దగ్గర కోసి, వేరు చచ్చాక తీయాలి.

శిలాఫలకం మీద రంగు వేయనివ్వకండి, దాని రాతను వెంటనే ఎత్తి రాసుకోండి. పాత అడ్మిషన్ రిజిస్టర్లను మిద్దె కారే గదిలోంచి ముందే బయటికి తెండి.

అంచనా రాసే ఇంజనీరు ‘సున్నానికి ఐటెమ్ లేదు’ అంటే, ఐఎస్ 712 అనే భారతీయ ప్రమాణం కట్టడపు సున్నానికే ఉందని చూపించండి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) స్పెసిఫికేషన్లలో సున్నపు మోర్టారూ ఉంది. ‘సిమెంటు పాయింటింగ్’ (సందులను సిమెంటుతో నింపడం) అన్న వరుస కొట్టేయించి, సున్నం పాళ్లు, నానబెట్టే రోజులు అంచనాలోనే రాయించండి. టెండరు అయ్యాక కాంట్రాక్టరుతో వాదించి లాభం ఉండదు.