తొగరు వేరు ఎరుపు

పెళ్ళి సంగతులు రాయను. పెదనాన్న మనవరాలి పెళ్ళికని ఒడిశాలోని జయపురంలో మూడు రోజులున్నాం. అందులో నాకు మిగిలింది, వేరు రంగుల చేనేతకి పేరున్న కోట్‌పాడ్ ఊళ్ళో గడిపిన ఒక్క పూటే.

వెళ్ళాలన్న పంతం వెనక కోపం ఉంది. కిందటేడు ఓ పెద్ద షాపులో కోట్‌పాడ్ చీర అని నమ్మించి నాకొకటి అంటగట్టారు. మొదటి ఉతుక్కే బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. మాది పొందూరు. నూలుబట్టలో మోసపోయానని అమ్మకి చెప్పడానికి నోరు రాలేదు. అసలుది కళ్ళారా చూడాలనిపించింది.

జగ్దల్‌పూర్ బస్సెక్కితే బొరిగుమ్మ దాటాక కోట్‌పాడ్. నలభై కిలోమీటర్ల పైమాటే. వదినా నేనూ నిలబడే వెళ్ళాం. కండక్టరు మా తెలుగు విని చెరో 20 రూపాయలు ఎక్కువ లాగాడు. వదిన ఒడియా అందుకునేసరికి ఆ డబ్బులు వెనక్కొచ్చాయి. చిరాకు మాత్రం దిగేదాకా పోలేదు.

అక్కడ వదినకి తెలిసిన కిరాణాకొట్టు మావయ్య ఉన్నారు. తాతల నాడు సాలూరు నుంచి వచ్చిన కుటుంబం. "రంగు చూస్తారా, నేత చూస్తారా అమ్మా?" అని అడిగారు. నేత పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా అని రంగే అన్నాను.

ఈ బట్టకి రంగువేసి నేసే మిర్గాన్ కులం వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళారు. వాకిట్లో అడుగు పెట్టకముందే ఆముదం వాసన. ఒకావిడ గొంతుక్కూర్చుని నూలు చిలపలు, అంటే చుట్టలు, పిసుకుతోంది. ఆముదం, బూడిద నీళ్ళు, ఆవుపేడ. పిసకడం, ఎండేయడం, మళ్ళీ పిసకడం. ఆ జిడ్డంతా తాగితేనే నూలు రంగు పట్టుకుంటుందట. "నెల్లాళ్ళ పని తల్లీ, ఒట్టి నూలుకే!" అన్నారు మావయ్య. రంగేమో అవుల్ చెట్టు వేరు బెరడుది. మన తొగరు చెట్టు జాతే. మనకి తొగరు అంటే ఎరుపనే కదా అర్థం. ఎండిన బెరడు దంచిన పొడితో మెరూన్ వస్తుంది, అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే కాఫీ రంగు, నలుపు. తెలుపు మాత్రం నూలు సహజ రంగే. వేరు మునుపటిలా దొరకడం లేదని ఆవిడ బెంగ.

ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను. మణికట్టు దాకా ఎరుపు. గోళ్ళ మొదళ్ళలో నలుపు. అరచేతి గీతల్లో రంగు ముదిరిపోయి, ఒక్కో గీతా విడిగా కనిపిస్తోంది.

లోపల మగ్గం మీద ఆవిడ భర్త. అంచు దగ్గర పీతనీ గొడ్డలినీ వేళ్ళతో విడిగా పేక, అంటే అడ్డపోగు, దూర్చి తేలుస్తున్నాడు. ఒడిశాలో జీఐ, అంటే ఫలానా చోటి సరుకని ఇచ్చే గుర్తింపు, మొదట, 2005లో, ఈ బట్టకే వచ్చిందనీ, ఈ ఊరి నేతగాడు గోవర్ధన్ పనికాకి 2018లో పద్మశ్రీ ఇచ్చారనీ మావయ్య గర్వంగా చెప్పారు. వింటుంటే సంతోషమేసింది. కానీ నా చూపు వాకిట్లోనే ఉండిపోయింది. ఏ ఊళ్ళో అయినా చీర పట్టుకుని "ఎవరు నేశారు?" అనే అడుగుతారు. నూలుని మగ్గం దాకా తెచ్చిన మనిషిని ఎవరడుగుతారు?

మా ఇంట్లోనూ అంతే. అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకేది. ఆ సన్నటి పళ్ళ మధ్య దూదిని దువ్వి దువ్వి మెత్తగా చేసి, రాట్నం మీద వడికేది. వెంట్రుకంత సన్నని దారం. దాన్ని నేసిన మా సొంత మావయ్య పేరు ఊరంతా తెలుసు. అమ్మ వేళ్ళ మీద చేప పళ్ళ గీరలు నాకు, నాన్నకి తప్ప ఎవరికీ తెలియవు.

చీర ధర 9,000 అన్నారు. నెల్లాళ్ళు చిలపలు పిసికే ఆ చేతులు చూశాక బేరం ఆడాలనిపించలేదు. అంత డబ్బు తేలేదు, అడ్వాన్స్ ఇచ్చి, ఓ తువ్వాలు కొనుక్కున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ తువ్వాలు ముక్కుకి ఆనించుకుని "ఆముదం" అంది. తనే బకెట్లో ముంచింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అప్పుడు చెప్పాను పాత చీర సంగతి. తిట్టలేదు. చీరకి మళ్ళీ వెళ్ళేటప్పుడు తననీ తీసుకెళ్ళమంది. "వాలుగ దవడ ఒకటి పట్టికెళ్దాం, ఆవిడకి చూపిద్దాం" అంది.