ఏనుగుల కేంద్రంలో వాలంటీరు పని: ముట్టుకోవడం తప్ప అన్నీ

హింస పడ్డ ఏనుగుల్ని చేరదీసే కేంద్రాల్లో పని చేద్దామనుకున్నప్పుడు అందరినీ ఒక్కటే అడిగాను: "ఏనుగుకి స్నానం చేయించనిస్తారా?" ఓ, చేయించొచ్చు అన్న చోట్లన్నీ పక్కన పెట్టేశాను. రోజుకో కొత్త మనిషి వచ్చి ఒళ్లు రుద్దుతున్నా ఊరుకుంటోందంటే, ఊరుకోవడం దానికి ఎవరో ముందే నేర్పారన్నమాట. పిల్లప్పుడే తల్లి నుంచి విడదీసి, కట్టేసి, అంకుశంతో పొడిచి నేర్పుతారు.

ముట్టుకోనివ్వం అని మొహమాటం లేకుండా చెప్పిన చోట దరఖాస్తు పెట్టాను. ఫారం నింపడం తేలికే, ఆలస్యమంతా మెడికల్ పేపర్ల దగ్గరే. టెటనస్ టీకాతో పాటు టీబీ పరీక్ష రిపోర్టు కూడా అడిగారు. మనుషుల టీబీ ఏనుగులకి సోకుతుంది, వాటి నుంచి మనకీ రావచ్చు.

వెళ్లాక పనంటే ముఖ్యంగా మేత, లద్దె. పెద్ద ఏనుగు రోజుకి 150 కిలోల దాకా తింటుంది. అందులో సగం కూడా అరగదు. మిగతాదంతా పారలతో ఎత్తాల్సింది మేమే. ముసలి ఏనుగుల వంటిల్లు వేరు. ఏనుగుకి దవడపళ్లు జీవితంలో ఆరు విడతలు వస్తాయి, ఆఖరివి అరిగిపోతే ఇక అంతే. అందుకని వాటికి గడ్డి సన్నగా తరిగి, గుమ్మడికాయ ముక్కలు మెత్తగా ఉడికించి పెట్టాలి. అరచేతులు బొబ్బలెక్కడం మామూలే.

మధ్యాహ్నాలు కంచె ఇవతల కూర్చుని, ఒక ఏనుగు ఏం చేస్తోందో కాసేపటికోసారి షీట్లో రాయాలి. బోరు కొడుతుందనుకున్నాను గానీ నాకు బాగా నచ్చిన పని ఇదే. నాకు అప్పగించిన ఆడ ఏనుగు ఒకప్పుడు దుంగలు లాగేది, తర్వాత టూరిస్టుల్ని మోసింది. థాయ్‌లాండ్‌లో 1989లో అడవుల్లో కలప కొట్టడం నిషేధించాక అక్కడి ఏనుగులు చాలా వాటికి ఇదే గతి పట్టింది. కాళ్లకి గొలుసు లేకపోయినా ఇది నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగుతూ ఉండేది. ఇలాంటివే వీడియో తీసి "ఏనుగు డాన్స్" అని పెడుతుంటారు, ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి కట్టేస్తే పట్టుకునే అలవాటు అది. మేత వేళకి ముందు ఎక్కువ ఊగుతోందని షీట్లలో తేలాక మేత వేసే టైములు మార్చారు, గడ్డిని వలల్లో పెట్టి ఎత్తున వేలాడదీశారు. ఊగడం తగ్గింది, మానలేదు.

అసలు బాధ పాదాలది. సిమెంటు నేల మీద, తన మూత్రంలో తానే ఏళ్లకేళ్లు నిలబడితే అరికాళ్లు పగులుతాయి, గోళ్ల పక్కన చీము పడుతుంది, ముదిరితే ఎముక దాకా పోతుంది. బందీ ఏనుగుల ప్రాణాలు తీసే జబ్బుల్లో ఇదొకటి. వైద్యం ఊచల మధ్య నుంచే చేస్తారు. కీపరు ఈల వేస్తే ఏనుగు తనంతట తానే వచ్చి కాలెత్తి అడ్డపట్టీ మీద పెడుతుంది, పెట్టగానే అరటిపండు. రాకపోతే అరవడాలు, కొట్టడాలు ఉండవు, ఆ పూటకి వైద్యం లేదంతే. గోరువెచ్చని మందునీళ్ల బకెట్‌తో, పళ్ల బుట్టతో పక్కన నిలబడటం నా డ్యూటీ. ఒకరోజు గోరు అరగదీస్తుండగా మధ్యలోనే కాలు తీసేసుకుని చెట్ల వైపు వెళ్లిపోయింది. డాక్టరుగారు ఆకురాయి తుడిచి పెట్టెలో పెట్టేసి, "ఆ నీళ్లు పారబోసెయ్యండి, రేపు చూద్దాం" అన్నారు. మర్నాడు రెండు గోళ్లు పూర్తయ్యాయి.