కొత్తపేట నుంచి రాజమండ్రికి జీరో టికెట్టు మీద: నా అనుభవం

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర్నుంచి కొత్తపేట, రాజమండ్రి మధ్య నాకు బస్సు చార్జీ తప్పింది. బుర్ర పెట్టడం మాత్రం పెరిగింది. ఇదివరకు డబ్బులిచ్చి వెళ్లే రోజుల్లో వచ్చిన బస్సల్లా ఎక్కేసేవాళ్లం. ఇప్పుడు ముందు బోర్డు చదవాలి, తర్వాతే కాలు మెట్టు మీద పెట్టాలి.

ఫ్రీ ఉన్నవి ఐదు రకాలు: పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. మన కోనసీమ వైపు తిరిగేవి ఎక్కువగా పల్లెవెలుగులూ ఎక్స్‌ప్రెస్సులూ కాబట్టి ఆ రెండూ గుర్తుపడితే చాలు. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బళ్లు లెక్కలో లేవు. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు తికమక నాన్‌స్టాప్‌తో. బండి చూడ్డానికి ఎక్స్‌ప్రెస్సే, రంగూ అదే, పేరూ అదే. అద్దం దగ్గర చిన్న నాన్‌స్టాప్ బోర్డు ఉంటే మాత్రం ఆడవాళ్లయినా టికెట్టు కొనాల్సిందే. రాజమండ్రి, కాకినాడ మధ్య ఇవి ఎక్కువ. వీటికి కండక్టరు బస్టాండులోనే టికెట్లు కొట్టేసి దిగిపోతాడు, బస్సులో ఉండేది డ్రైవరొక్కడే. కింద నిలబడి టికెట్లు కొడుతున్నారంటే అది మన బస్సు కాదని అర్థం చేసుకోవచ్చు.

రెండోది కార్డు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, వీటిలో ఏదైనా సరే, అడ్రసు ఆంధ్రప్రదేశ్‌ది అయ్యుండాలి. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే బస్సు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా పోతుంది. యానాం అంటే పుదుచ్చేరి, అందుకని యానాం అడ్రసున్న ఆధార్‌కి జీరో టికెట్టు, అంటే డబ్బుల్లేకుండా కొట్టే టికెట్టు, రాదు. పెళ్లయి ఇటు వచ్చి కార్డులో అడ్రసు మార్చుకోనివాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి. జిరాక్సు పట్టుకుని వాదించే ఓపిక నాకు లేదు, అసలు కార్డే పట్టుకెళ్తాను. దాన్ని సంచి అడుగున కాకుండా చేతిలో ఉంచుకోండి. నిండిన బస్సులో ఒక్కొక్కరి కార్డు చూసి ఒక్కో టికెట్టు కొట్టేసరికి తర్వాతి స్టేజీ వచ్చేస్తుంది. అంతవరకూ టికెట్లు పూర్తికాకపోతే బస్సును పక్కకు ఆపి కొడతారు. ఆ ఆలస్యం బస్సులో అందరిదీ.

డబ్బులివ్వనప్పుడు టికెట్టెందుకని కొందరు తీసుకోరు. తీసుకోవాలి. చెకింగ్ ఎక్కినప్పుడు చూపించాల్సింది అదే. ప్రభుత్వం ఆర్టీసీకి కట్టే లెక్క కూడా ఆ టికెట్ల మీదే నడుస్తుంది. బస్సు మారితే మళ్లీ కొత్త టికెట్టు. కూడా వచ్చే మగపిల్లాడికి 5 ఏళ్లు నిండితే అరటికెట్టు ఉంటుంది, 12 దాటితే పూర్తి టికెట్టు. అరటి గెలో పూలమూటో వేసుకొస్తే ఫ్రీ మనిషికే, సామానుకు లగేజీ కొడతారు.

ఇక ఎక్కడం. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లే ఎక్స్‌ప్రెస్ కొత్తపేట వచ్చేసరికే మెట్ల దాకా నిండి ఉంటుంది, ముఖ్యంగా పొద్దున్న కాలేజీల వేళ. దానికోసం ఒకదాని తర్వాత ఒకటి వదులుకుంటూ నిలబడేకన్నా రావులపాలెం వరకూ పల్లెవెలుగు ఎక్కేయడం మేలు. అది రోడ్డు పక్కన చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది, నిజమే. కానీ రావులపాలెంలో జనం బాగా దిగుతారు, అక్కడే మొదలయ్యే రాజమండ్రి బస్సులూ ఉంటాయి. అలాంటి బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదే. రూల్సులో ఎక్కడా లేకపోయినా గోదావరి జిల్లాల్లో దీన్ని కాదనే మనిషి అరుదు. అయితే కర్చీఫ్ వేసి టీకి వెళ్లిపోతే మర్యాద అక్కడితో సరి.

ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు మన స్టాపు పేరు చెప్పి అడగాలి. “జొన్నాడలో ఆగుద్దాండీ?” అంటే “ఆగదమ్మా, వెనకాల పల్లెవెలుగు ఉంది, దాంట్లో రండి” అంటారు. ఎక్కాక అడిగితే అదే జవాబు ఇంకో గొంతుతో వస్తుంది.

రావులపాలెంలో మారేటప్పుడు చూసుకోవాల్సింది బస్సు ఏ దారిన పోతుందన్నది. రాజమండ్రికి రెండు దారులున్నాయి. ఒకటి గౌతమి వంతెన దాటి జొన్నాడ, వేమగిరి మీదుగా హైవే. రెండోది ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కి ధవళేశ్వరంలో దిగేది. బోర్డు మీద రాజమండ్రి అనే ఉంటుంది, మీదుగా అన్న చిన్నక్షరాలు చూడాలి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు హైవే దారి నయం. ధవళేశ్వరంలో పని ఉన్నవాళ్లకూ, రైలు ఎక్కేవాళ్లకూ రెండోది మంచిది. అది రాజమండ్రిలోని కోటిపల్లి బస్టాండు వైపు నుంచి ఊళ్లోకి వస్తుంది, అక్కణ్ణుంచి రైల్వే స్టేషన్ దగ్గర. ఆర్టీసీ కాంప్లెక్సు (పెద్ద బస్టాండు) దాకా పోయి దిగితే మళ్లీ వెనక్కి ఆటో ఖర్చు.

శనివారం మాత్రం బొబ్బర్లంక దారి మర్చిపోండి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లంతా ఆ రోడ్డు మీదే ఉంటారు. కార్లు, ఆటోలు, నడిచొచ్చేవాళ్లు, అందరికీ కలిపి ఒకటే సన్న రోడ్డు, పక్కన కాలవ. బస్సు ఎదురుపడితే తప్పుకునే జాగా ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచే రద్దీ మొదలవుతుంది. వాడపల్లికే వెళ్లేవాళ్లయితే తెల్లవారుజామున బయల్దేరడమే మార్గం.

వరద రోజుల్లో కూడా అంతే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. నీళ్లు చూడ్డానికి వచ్చిన జనంతో బ్యారేజీ మీద బస్సు ఒక పట్టాన కదలదు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య జనాన్ని గోదావరి దాటించే పంటు కూడా ఆగిపోతుంది. దాంతో రోజూ రేవు దాటేవాళ్లు చుట్టు తిరిగి బస్సుల మీద పడతారు. జులై, ఆగస్టుల్లో పొద్దున్నే టీవీలో హెచ్చరిక నంబరు చూసి దారి తేల్చుకోవడం మంచిది.

రాజమండ్రిలో దిగాక ఊళ్లో తిరగడానికి షేర్ ఆటోలే. ఫ్రీ అన్నది ఇక్కడితో ఆఖరు. హైవే మీదున్న మోరంపూడిలో దిగితే దగ్గరయ్యే పనికి కాంప్లెక్సు దాకా వెళ్లకండి. ఆటోలో కూర్చోకముందే మనిషికి ఎంతో అడగాలి. ఒక్కరే కూర్చుంటే దాన్ని సవారీ కింద లెక్కేసి నాలుగింతలు చెప్పేవాళ్లున్నారు. “షేరేనా అండి?” అని గట్టిగా, పక్కవాళ్లు వినేటట్టు అడిగితే తగాదా ఉండదు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి మాత్రం కాంప్లెక్సే. అమలాపురం బస్సు అక్కడ బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరికే చోటు అదొక్కటే, దారిలో చెయ్యెత్తితే ఒంటికాలి మీద ప్రయాణం. బస్సు ఎక్కడుందో చూపించే ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ ఉంది, సర్వీసు నంబరో బండి నంబరో తెలిస్తే దానితో పని తేలిక. రోజూ ఎక్కే బస్సు సర్వీసు నంబరు టికెట్టు మీద చూసి రాసిపెట్టుకోండి. అమలాపురం బస్సు తప్పిపోతే చీకటి పడ్డాక కాంప్లెక్సులో కూర్చోవద్దు. హైవే మీద పోయే ఏ ఎక్స్‌ప్రెస్సయినా ఎక్కి రావులపాలెం చేరిపోతే అక్కణ్ణుంచి కొత్తపేటకు ఏదో ఒక బండి ఉంటుంది. ఎక్కేముందు ఆ బస్సు రావులపాలెం బస్టాండులోకి వెళ్తుందా, హైవే మీదే దించేస్తుందా అన్నది తేల్చుకోవాలి. రాత్రిపూట సామానుతో హైవే పక్కన దిగడం ఆడవాళ్లకు మంచిది కాదు.

మా ఇంటి మగవాళ్లకు చెప్పేది చిల్లర సంగతి. పెద్ద నోటిస్తే కండక్టరు బాకీని టికెట్టు వెనకాల రాసిస్తాడు. దిగే స్టాపు ఒకటి ముందుగానే లేచి అడగాలి, తలుపు దగ్గర అడిగితే బస్సు ఆగదు. ఫోనుతో కట్టేస్తే ఆ గొడవే ఉండదు, సిగ్నలుంటే. 60 దాటిన మగవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది, వయసున్న కార్డు చూపించి టికెట్టు కొట్టకముందే అడగాలి. కొట్టేశాక మార్చరు.

బస్సులో సంచి మర్చిపోయినా, కండక్టరుతో మాటామాటా వచ్చినా ముందు కావాల్సింది ఆ టికెట్టే. డిపో పేరు, సర్వీసు, టైము అన్నీ దానిమీదే దొరుకుతాయి. అందుకే జీరో టికెట్టయినా ఇల్లు చేరేదాకా పారెయ్యను. వస్తువు పోతే కాల్ సెంటరు 0866-2570005కి చేసి ఊరుకోకుండా, ఆ బండి ఏ డిపోదో చూసి తిన్నగా డిపోకి వెళ్లండి. రాత్రి బండి డిపోలోకి వచ్చాక కండక్టరు లెక్క అప్పజెప్పే వేళకు వెళ్తే సంచి దొరికే అవకాశం ఎక్కువ.